రంగం మామ్మ బండి, నెలాఖరు ఆదివారం కుండ

శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన వైపు దిగే రోడ్డు మీద రోజూ సాయంత్రం ఐదున్నరకి ఒక తోపుడు బండి వచ్చి ఆగుతుంది. బోర్డు లేదు. రంగం మామ్మ బండి ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దొరికేవి రెండే రెండు, మొయింగా, ఖౌస్వే. రెండూ బర్మా వంటలే. ఏడాదిన్నరగా నేను అక్కడ తింటున్నాను. తిండి గురించి చెబుతాను గానీ, పని కట్టుకుని ఇదంతా రాయడానికి కారణం నెలాఖరు ఆదివారం వాళ్లు సాయం కోసం వండి పెట్టే కుండ. ఆ రోజు గల్లాపెట్టెలో పడ్డ ప్రతి రూపాయీ బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని మిజోరం చేరిన కుటుంబాలకి వెళ్తుంది. లాభం ఒక్కటే కాదు, అమ్మకం మొత్తం. సరుకు ఖర్చు వీళ్లే పెట్టుకుంటారు.

ముందు తిండి సంగతి. మొయింగాని చేపల పులుసు అనలేం, చారు అనీ అనలేం. జెల్ల చేపని పసుపు, అల్లం, నిమ్మగడ్డి వేసి ఉడికించి, ముళ్లు ఏరేసి, కండని చేత్తో చిదిపి మళ్లీ ఆ నీళ్లలోనే వేస్తారు. చిక్కబడటానికి వేయించిన బియ్యప్పిండి కలుపుతారు. అరటి దూటని చక్రాల్లా తరిగి వేస్తారు, అది ఉడికినా కాస్త కరకరమంటూనే ఉంటుంది. గిన్నెలో సన్నటి బియ్యపు నూడుల్స్ పెట్టి, పైన ఈ పులుసు రెండు గరిటెలు పోస్తారు. అంతవరకు కోడలు చేస్తుంది. తర్వాతది మామ్మ పని. పక్కకి జరిగి నిలబడి అది చూడాలి. సగం కోసిన గుడ్డు పెడుతుంది. సెనగపప్పు వడని అరచేతిలో పెట్టి ఒక్క నలుపు నలిపి గిన్నె నిండా చల్లుతుంది. కొత్తిమీర వేస్తుంది. వెల్లుల్లి వేయించిన నూనె ఒక చెంచా పోస్తుంది, అది పులుసు మీద పడగానే బంగారు చుక్కలుగా విడిపోతుంది. ఎండుమిర్చి పలుకులు మాత్రం మనం అడిగితేనే. చివర్న నిమ్మచెక్క పిండి, ఆ చెక్కని గిన్నె అంచునే వదిలేస్తుంది, "చాలకపోతే నువ్వే పిండుకో బాబూ" అని.

ఖౌస్వే కొబ్బరిపాలు, కోడికూర, సెనగపిండితో చేస్తారు. పిల్లలకి అదే నచ్చుతుంది. మా పాప రెండు గిన్నెలు తింటుంది. నా ఓటు మొయింగాకే. మామూలు రోజుల్లో మొయింగా 70 రూపాయలు, ఖౌస్వే 90. శాకాహారులకి చేప లేకుండా చిన్న గిన్నెలో వేరే పులుసు ఉంటుంది, అడగాలి.

ఇక కుండ సంగతి. విరాళం అంటే నాకు నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు, మేము పనిచేసే రైసు మిల్లులో హమాలీల దగ్గర్నుంచి ఓనరు దాకా తలా కొంత వేసి డబ్బు పోగు చేశాం. ఊళ్లకి దుప్పట్లు పంచుతామని వచ్చిన ఒక బృందం చేతిలో పెట్టాం. ఎవరికి ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు అని అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. రోజుకూలీలో యాభై రూపాయలు తీసి ఇచ్చిన మనిషి "బాబూ, మన దుప్పట్లు అందినాయా" అని చాన్నాళ్లు నన్ను అడిగేవాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పట్నుంచి ఏ డబ్బాలోనూ పైసా వేయలేదు.

అందుకే మొదటిసారి ఆ ఆదివారం బండి మీద డబ్బా చూడగానే మామ్మ కొడుకుని సూటిగా అడిగేశాను. "ఎవరికి పంపుతారన్నా? అందినట్టు మీకెలా తెలుస్తుంది?" ఆయన నొచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని, బండి కింద అరలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టాడు. "నాకు గిరాకీ ఉంది, మీరు చూసుకోండి" అన్నాడు.

22 ఏళ్లుగా ఆమదాలవలసలో మిల్లు లెక్కలు రాస్తున్నవాణ్ణి, పుస్తకం చూస్తే రాసిన మనిషి తెలిసిపోతాడు. ఎడమ పేజీలో ఆ నెల కుండకి వచ్చిన డబ్బు, నోట్ల వారీగా ఉంది. కుడి పేజీలో పంపిన తేదీ, బ్యాంకు రిఫరెన్సు నంబరు, అవతల నుంచి వచ్చిన రసీదు కాగితం అతికించి ఉన్నాయి. రసీదు కింద ఆ డబ్బుతో ఏం కొన్నారో రాసి ఉంది. బియ్యం, వంటనూనె, టార్పాలిన్, ఒక నెల పిల్లల నోటు పుస్తకాలు. వాన పడి జనం రాని నెలలో 1,860 రూపాయలే వచ్చాయి, అదీ అంతే శ్రద్ధగా రాశారు. ఒకచోట చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "చిరిగిన వంద ఒకటి. చెల్లలేదు. మేం వేశాం." ఆ ఒక్క లైను దగ్గర నా అనుమానం పోయింది. డబ్బాలో ఎవరో వేసిన చెల్లని నోటుని కూడా అప్పుగా భావించి తీర్చిన వాళ్లు వీళ్లు.

డబ్బు ఎటు వెళ్తుందో కూడా చెప్పాలి. మామ్మ మేనల్లుడి కొడుకు మిజోరంలో చంఫాయి జిల్లాలో రోడ్డు పనుల మీద ఉన్నాడు. ఆ జిల్లా అంచున తియావు నది ఉంది, అదే సరిహద్దు. నది ఇవతల మన జోఖావ్‌తార్ ఊరు, అవతల బర్మాలోని చిన్ రాష్ట్రం. 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కింది. తర్వాత చిన్ ఊళ్ల మీద దాడులు మొదలయ్యాక జనం ఆ నది దాటి రావడం మొదలుపెట్టారు. మిజోరంలో అలా వచ్చినవాళ్లు ఒక దశలో 30 వేలు దాటారు. 2011 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రం మొత్తం కలిపినా 11 లక్షల లోపే. అప్పటి మన జిల్లా ఒక్కటే 27 లక్షలు. అంత చిన్న రాష్ట్రం ఇంతమందిని ఎత్తుకుంది. మిజోలు, చిన్‌లు ఒక కుదురు మనుషులే, అన్నదమ్ముల పిల్లల్లాంటి వాళ్లు, అందుకే తలుపులు మూయలేకపోయారు.

1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. శరణార్థి ఎవరు, వాళ్లకి ఏమివ్వాలి అని చెప్పే ప్రత్యేక చట్టమూ మనకి లేదు. దాంతో ఆ కుటుంబాల బరువు ఎక్కువగా అక్కడి చర్చిల మీద, ఊరి కమిటీల మీద, 1935 నుంచి పనిచేస్తున్న యంగ్ మిజో అసోసియేషన్ లాంటి సంఘాల మీద పడింది. మామ్మ వాళ్లు పంపేది అలాంటి ఒక చర్చి సహాయ కమిటీకే. మొదట్లో బాగా వచ్చిన సాయం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుందట, యుద్ధం మాత్రం తగ్గలేదు. నెలనెలా వచ్చే చిన్న మొత్తం వాళ్లకి ఎందుకు ముఖ్యమో నాకు అది విన్నాకే తెలిసింది. ఒకేసారి వచ్చిన లారీ సరుకు అయిపోతుంది. ఫలానా తేదీకి ఇంత వస్తుందని తెలిస్తే బియ్యం కొట్టువాడు అరువైనా ఇస్తాడు.

బట్టలు తీసుకోరు. రెండుసార్లు నా కళ్ల ముందే పాత చీరల మూట తెచ్చినవాళ్లని దండం పెట్టి పంపేశారు. ఇక్కణ్ణుంచి చంఫాయి దాకా మూట పంపే ఖర్చుతో అక్కడ డిసెంబరు చలికి పనికొచ్చే కొత్త దుప్పటే వస్తుంది. ఇది లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. మామ్మ కారణం వేరు.

ఒకరోజు వాన పట్టి గిరాకీ లేనప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న రంగంలో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడట. (రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనే అనేవారు. బర్మా వాళ్లేమో కోరంగి రేవు పేరు పట్టుకుని మన తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు.) 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. తర్వాత కొట్లూ వ్యాపారాలూ ప్రభుత్వం లాగేసుకుంది. 1964 మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. లక్షల మంది మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు.

"నాకప్పుడు పదకొండేళ్లు బాబూ," అంది మామ్మ. "మా అయ్య దాచుకున్న వంద కాగితాలు ఏడు. రేత్రికి రేత్రి చెల్లవనీసినారు. ఒక్కటీ మారనేదు. ఓడ మీద వైజాగులో దిగినాం. కేంపులో దుప్పట్లిచ్చినారు. ఇచ్చి, ఇప్పి, రెండు చేతుల్తో పైకెత్తి నవ్వమన్నారు, పొటోకి. మా అమ్మకి నవ్వు రానేదు. మూడుసార్లు తీసినారు. దుప్పటి మంచిదే బాబూ, చానాళ్లొచ్చింది. మా అమ్మ మాత్రం దాన్ని కప్పుకోనేదు, మాకే కప్పేది."

ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు. గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

చిరిగిన వంద నోటు లైను ఎందుకు రాశారో నాకు ఆ రోజు తెలిసింది. చంఫాయి నుంచి వచ్చే ఫొటోల్లో మనుషులెందుకు ఉండరో కూడా. బియ్యం బస్తాలు ఉంటాయి, చెక్క బల్ల మీద మడత పెట్టిన దుప్పట్లు ఉంటాయి, కొట్టువాడి బిల్లు ఉంటుంది. ఏడుస్తున్న పిల్ల ఒక్కర్తీ ఉండదు. ఎవరి ముఖమూ చూపించకుండా ఇన్ని నెలలు డబ్బు పోగు చేయవచ్చని నాకు ఈ బండి దగ్గరే తెలిసింది. సాయం అడిగే ప్రతి సంస్థ వాళ్లూ ఒక్కసారి ఇక్కడికొచ్చి చూడాలని నా కోరిక.

లోటుపాట్లు కూడా చెప్పాలి. కుండ రోజు ధర ఉండదు, తోచినంత వేయొచ్చు. మొదట్లో డబ్బా అద్దంలా లోపలిది కనబడేది. పది రూపాయలు వేసేవాళ్లు, అయిదు వందలు వేసేవాళ్లు ఒకరినొకరు చూసుకోవాల్సి వచ్చేది. ఒక ఆటో డ్రైవరు జేబులో చెయ్యి పెట్టి, డబ్బా వంక చూసి, తినకుండానే వెళ్లిపోవడం నేను చూశాను. ఆ మాట చెప్పాను. తర్వాతి నెలకి మూతకి కన్నం పెట్టిన రేకు డబ్బా వచ్చింది. మంచి మార్పు. ఎంత వేయాలో తెలియక ఇబ్బంది పడేవాళ్ల కోసం "మామూలు రోజు ధర 70" అని పలక మీద రాశారు. కొందరు కుర్రాళ్లు రెండేసి గిన్నెలు తిని పది వేసి పోతారు. నాకు కోపం వచ్చింది. కోడలు మాత్రం "ఆకలేసి తిన్నారు అన్నయ్యా, పోనీండి" అంది. నేనైతే అలా అనలేను, ఆమె అంది.

ఇంకా బాగుపడాల్సినవి ఉన్నాయి. వేడి పులుసు ప్లాస్టిక్ గిన్నెల్లో పోయడం మానాలి. స్టీలు గిన్నెలు ఉన్నా డజనే, రద్దీలో సరిపోవు. చేప పులుసు గరిటె, శాకాహారం గరిటె పక్కపక్కనే పెడతారు, జనం ఎక్కువైతే కలిసిపోతాయి. నిష్ఠగా ఉండేవాళ్లు కుండ రోజు కాకుండా వేరే రోజు రావడమే మేలు. ఈ విషయం రెండుసార్లు చెప్పాను, ఇంకా సరిచేయలేదు. కూర్చోడానికి నాలుగు స్టూళ్లే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం.

ఒక విషయం దాచకూడదు. ఆరు నెలలుగా ఆ నోట్‌బుక్ కూడికలు నేనే సరిచూస్తున్నాను. మామ్మ అడిగింది, ఒప్పుకున్నాను. దానికి నేను పైసా తీసుకోను, నా గిన్నెకి నేనే డబ్బులిస్తాను. నా మాట నమ్మక్కర్లేదు. బండి కింద అరలో పుస్తకం ఉంది, ఎవరడిగినా ఇస్తారు. మొన్న నెల మిల్లు హమాలీలు ఆరుగురిని తీసుకెళ్లాను. తుపానప్పుడు యాభై ఇచ్చిన ఆ మనిషి కూడా వచ్చాడు. ఆయనకి చదువు రాదు. చంఫాయి రసీదు మీద వేలు పెట్టి, "ఇది అందినట్టేనా" అని అడిగాడు. అందినట్టే అన్నాను. డబ్బాలో వేసి, నిమ్మచెక్క పిండుకుని తిన్నాడు.

కుండ రోజు ఐదున్నరకే మొదలు. ఏడున్నరకి అయిపోతుంది, మళ్లీ వండరు. ఇంటికి పట్టుకెళ్లాలంటే మీ గిన్నె మీరే తెచ్చుకోండి, నూడుల్స్, పులుసు విడివిడిగా ఇస్తారు. వడ మాత్రం అక్కడే నలిపించుకోకండి, ఇంటికెళ్లేసరికి మెత్తబడిపోతుంది.