"పాస్‌త్రూ టెస్ట్ చేసిన బోర్డు" అంటే వెంటనే కొనేయకండి

పాస్‌త్రూ అంటే గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాన్ని, కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్‌కు (వీఎం) నేరుగా అప్పగించడం. దానికోసం సెకండ్‌హ్యాండ్‌లో మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కలిపి కొన్నాను. "పాస్‌త్రూ పక్కాగా పనిచేస్తుంది, కావాలంటే స్క్రీన్‌షాట్ చూడండి" అన్నాడు అమ్మినాయన. చూశాను. పరికరాలు ఏ మెమరీని తాకాలో కాపలా కాసే హార్డ్‌వేర్ ఐఓఎంఎంయూ; ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేని పరికరాలు ఒక గ్రూపు. గ్రాఫిక్స్ కార్డు ఒక ఐఓఎంఎంయూ గ్రూపులో, నెట్‌వర్క్ పోర్టు ఇంకోదాంట్లో, డిస్కులను నడిపే సాటా కంట్రోలర్ మరోదాంట్లో, ఎవరి గది వాళ్లదే అన్నట్టున్నాయి. ఇంకేం కావాలనుకుని డబ్బు పంపేశాను.

ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే ఓఎస్) వేసి, కార్డును వీఎంకు ఇచ్చి, హోస్ట్ (వీఎంలను నడిపే అసలు మెషీన్) లేవగానే వీఎం కూడా దానంతటదే లేచేలా పెట్టి రీబూట్ కొట్టాను. కాసేపు పింగ్‌కు (నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడగడం) జవాబు వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ రీబూట్, మళ్లీ అంతే. బోర్డు మీది డిస్‌ప్లే పోర్టుకు మానిటర్ తగిలిస్తే స్క్రీన్ నిండా డిస్కు ఎర్రర్లు. సాటా కేబుల్ మార్చాను. డిస్కే పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. రాత్రంతా దానికే సరిపోయింది.

అసలు సంగతేంటంటే, నేను కార్డు పెట్టిన రెండో స్లాట్ ప్రాసెసర్‌కు నేరుగా కలవదు, చిప్‌సెట్ (బోర్డు మీది మధ్యవర్తి చిప్) మీదుగా వెళ్తుంది. నెట్‌వర్క్ పోర్టు, సాటా కంట్రోలర్ కూడా ఆ చిప్‌సెట్ కిందే. మూడూ ఒకే గ్రూపు. గ్రూపులో ఒకదాన్ని వీఎంకు ఇచ్చి మిగతావాటిని హోస్ట్ వాడుకుంటానంటే కుదరదు కాబట్టి, వీఎం లేవగానే గ్రూపు మొత్తం వీఎఫ్ఐఓ (పరికరాలను వీఎంకు అప్పగించే డ్రైవర్) చేతికి పోతోంది. కూర్చున్న కొమ్మను ప్రతి బూట్‌లోనూ హోస్టే నరుక్కుంటోందన్నమాట.

మరి ఆ స్క్రీన్‌షాట్? అది దొంగది కాదు, అదే నా బాధ. ఆయన కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఆప్షన్లలో ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే సెట్టింగ్ పెట్టుకున్నాడు. అది పరికరాలను నిజంగా విడదీయదు, "విడిగానే ఉన్నాయనుకో" అని కెర్నల్‌కు చెబుతుంది, అంతే. ఒక పరికరం నుంచి ఇంకోదానికి ఐఓఎంఎంయూ కంటపడకుండా డేటా వెళ్లే దారి ఉంటే అది అలాగే ఉంటుంది. సొంత ప్రయోగాలకు సరేగానీ, నమ్మకంలేని వీఎంలు నడిపేవాళ్లు దాని జోలికి పోకూడదు. అడిగితే "అది అందరూ పెట్టుకునేదేగా" అన్నాడు.

నాలాగే ఇరుక్కున్నవాళ్లు ఓఎస్ మళ్లీ వేయక్కర్లేదు. బూట్ మెనూలో కెర్నల్ లైన్‌ను ఎడిట్ చేసి, ఆ ఒక్కసారికి ఐఓఎంఎంయూను ఆఫ్ చేయండి. పాస్‌త్రూ దొరక్క వీఎం లేవదు, హోస్ట్ బతుకుతుంది. అప్పుడు ఆటోస్టార్ట్ తీసేయండి.

కార్డును మొదటి స్లాట్‌కు మార్చాను. గ్రూపు విడిపోయింది. కానీ పీసీఐ అడ్రసులు (బోర్డు మీద పరికరాలకుండే నంబర్లు) జరగడంతో నెట్‌వర్క్ పోర్టు పేరు మారి, వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జ్ లేవలేదు, అది సరిచేశాను. తర్వాత వీఎంలో నల్ల స్క్రీన్. కెర్నల్ లాగ్‌లో మెమరీ రిజర్వ్ చేయలేకపోతున్నానని ఒకటే లైను, వందలసార్లు. బూట్ మెసేజీలు చూపించడానికి హోస్ట్ ఈ కార్డునే పట్టుకుని వదలట్లేదు. బయాస్‌లో ప్రైమరీ డిస్‌ప్లేను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు మార్చాక తగ్గింది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే ఈ తేలిక దారి కూడా ఉండదు.

ఇంత చేశాక బయటపడింది, కార్డుకు రీసెట్ జబ్బు ఉందని. హోస్ట్ లేచాక వీఎం మొదటిసారి బాగానే వస్తుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కార్డు పలకదు. స్క్రీన్‌షాట్‌తోపాటు ఆయన పంపిన వీడియోలో ఉన్నది ఆ మొదటిసారే.

అందుకే, గ్రూపుల లిస్టు అడిగేటప్పుడు అదే స్క్రీన్‌లో కెర్నల్ కమాండ్ లైన్ కూడా చూపించమనండి. అందులో ఓవర్‌రైడ్ అన్న మాట కనిపిస్తే ఆ లిస్టును లెక్కలోకి తీసుకోకండి. కార్డు ఏ స్లాట్‌లో ఉందో అడగండి. వీడియో అయితే కరెంటు పూర్తిగా తీసి, మళ్లీ ఇచ్చి, వీఎం దానంతటదే లేచి, ఆపాక రెండోసారి కూడా లేచేదాకా ఒకే టేక్‌లో ఉండాలి. అంత ఓపిక లేదంటే వేరే బోర్డు చూసుకోండి.

డబ్బు వెనక్కి రాలేదు. "టెస్ట్ చేసే అమ్మాను" అన్నది ఆయన ఆఖరి మెసేజ్. నేనైతే ప్రస్తుతానికి వీఎం రీస్టార్ట్ చేయాల్సి వచ్చినప్పుడల్లా హోస్ట్‌నే రీస్టార్ట్ చేస్తున్నాను.