ఖిలా వరంగల్ నుంచి ఎలగందుల దాకా: దయ్యాల కథలు వెతుక్కుంటూ

ఈ రెండు కోటల్లోనూ దయ్యాలు తిరుగుతాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాము కాబట్టి, ఆ కథలు ఏ రాళ్ళ మధ్య పుట్టాయో చూడాలని మొన్న మాఘమాసంలో రెండు రోజులు కేటాయించుకున్నాము.

ఖిలా వరంగల్‌లో భయం నిలవదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలకు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు చిక్కిన తరువాత శిథిలమైన స్వయంభూ దేవాలయ శకలాలు నాలుగు కీర్తి తోరణాల నడుమ పరుచుకొని ఉన్నా, కోట లోపలే ఊరు, చేలు ఉండడం వల్ల ఎప్పుడూ మనిషి అలికిడి ఉంటుంది. అమావాస్య రాత్రి గుర్రపు డెక్కల చప్పుడు వినబడుతుందని ఆటో నడిపిన పెద్దాయన నమ్మకంగా చెప్పారు. కోటలోని పాత దర్బారు మందిరం కుష్ మహల్ కమానుల కింద మా చెప్పుల చప్పుడే రెండింతలై తిరిగి వచ్చినప్పుడు ఆయన మాట గుర్తుకు వచ్చింది. హన్మకొండలో మేము దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది.

గుండె ఝల్లుమనిపించేది ఎలగందుల. కరీంనగర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, మానేరు ఒడ్డున, కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల (హైదరాబాదు నిజాముల) దాకా అయిదు రాజవంశాలు ఏలిన ఈ ఖిల్లా ఊరు 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు తరలిపోయేదాకా కళకళలాడిన చోటు. దీపం పెట్టేవారు లేని ఇంటి మీద కథలు అల్లుకోవడం మన ఊళ్ళలో మామూలే కదా. కందకంలో మొసళ్ళను వదిలేవారని, గుట్ట కింది నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందని, అందులోని నిధికి భూతం కాపలా ఉందని అక్కడ విన్నాము.

మెట్లకు దూరంగా, కూలిన గోడ వెనుక, నడుము లోతు గుంత ఒకటి కనిపించింది. తవ్విపోసిన మట్టి ఇంకా తడిగా ఉంది. అంచున కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. నాకు దయ్యం కన్నా ఆ గుంతే ఎక్కువ భయం కలిగించింది, ఎందుకంటే భూతం కథ విన్నవాడు పారిపోడు, గడ్డపార పట్టుకొని వస్తాడు.

పైన నరసింహస్వామి గుడి దాకా ఎక్కేవారు నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళాలి, దారిలో మాకు ఎక్కడా దొరకలేదు. కరీంనగర్ బసలో గది కోసం గంటసేపు కూర్చోబెట్టారు. మధ్యాహ్నం మూడింటికే ఎక్కడం మొదలుపెట్టండి. పొద్దుగూకితే ఆ విరిగిన మెట్ల మీద పామును చూసుకోవడం కష్టం.