వెస్టాను చూడాలంటే 10×50 బైనాక్యులర్ చాలు

గ్రహశకలాన్ని చూడాలంటే పెద్ద టెలిస్కోపు కావాలని చాలామంది అనుకుంటారు. వెస్టా అనే గ్రహశకలం విషయంలో అక్కర్లేదు. 2025 వేసవిలో ధర్మవరం దగ్గర మా పల్లెలో, మిద్దె మీద నుంచి నేనూ మా అమ్మాయీ ఈ బైనాక్యులర్‌తోనే చూశాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. నాలాంటి టీచర్లకీ, ఆకాశం మీద ఆసక్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

10×50లో 10 అంటే పది రెట్లు పెద్దదిగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లని అర్థం. చీకట్లో మన కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. దాంతో పోలిస్తే ఈ అద్దం పట్టే వెలుతురు 50 రెట్లు. మాది పోరో రకం, అంటే గొట్టాలు మెలిక తిరిగి ఉండేది, ధర ఆరువేల లోపే. అదే డబ్బుకి వచ్చే నిటారు గొట్టాల రకం కన్నా ఇందులో బొమ్మ తేటగా ఉంటుంది. లోపల వెలుతురును మళ్లించే గాజు దిమ్మెలు (ప్రిజాలు) బాక్-4 అనే మేలురకం గాజువో కాదో కొనేముందే చూసుకోండి. బైనాక్యులర్‌ని చేతి దూరంలో వెలుతురు వైపు పట్టుకుంటే కంటి అద్దంలో ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది. అది గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టుంటే గాజు నాసిరకమే. దూరంగా ఉన్న సెల్ టవర్ రెండుగా కనిపిస్తే ఆ రోజే తిరిగిచ్చేయండి. వందల రెట్లు జూమ్ అని అమ్మేవాటి జోలికి అసలు పోవద్దు.

లోపాలూ ఉన్నాయి. అంచుల దగ్గర నక్షత్రాలు సాగినట్టు కనిపిస్తాయి. బరువు కిలోకి దగ్గర, కాసేపటికే చేతులు వణుకుతాయి. ట్రైపాడ్‌కి బిగించే ముక్క విడిగా కొనుక్కోవాలి. మేం మడత మంచం మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు ఛాతీకి ఆనించి చూశాం. వెస్టా అర్ధరాత్రికి బాగా పైకి వస్తుంది కాబట్టి ఆ పద్ధతే హాయిగా ఉంది.

2025 మే 2న వెస్టా సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, అంటే భూమికి ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క వెస్టా ఉండేలా, తులారాశిలో ఉంది. విశాఖ నక్షత్రాల చుట్టుపక్కల అన్నమాట. అర్ధరాత్రికి నెలవంక కూడా అస్తమించింది. పటం దగ్గర పెట్టుకుని నక్షత్రం నుంచి నక్షత్రానికి జరుపుకుంటూ వెళ్లాం. కనిపించింది ఒక చుక్క, అంతే. ఈ బైనాక్యులర్ దాన్ని బిళ్లలా చూపించలేదు, ఆ ఆశతో కొనకండి. అది చూపించేది కదలికను. మా అమ్మాయి చుట్టూ ఉన్న చుక్కలన్నీ నోటుబుక్కులో గీసుకుంది. మరుసటి రాత్రి "అమ్మా, ఇదొక్కటే జరిగింది!" అని అరిచింది. రోజుకి నిండు చందమామ వెడల్పులో దాదాపు సగం జరుగుతుంది. ఆ అరుపు కోసమైనా ఈ డబ్బు పెట్టొచ్చు.

1807 మార్చి 29న జర్మనీలోని బ్రెమెన్‌లో హైన్రిష్ ఓల్బర్స్ కూడా కన్యారాశిలో ఇలాంటి చుక్కనే పట్టుకున్నాడు. వృత్తిరీత్యా వైద్యుడు, రాత్రిళ్లు ఇంటి పై అంతస్తు నుంచి ఆకాశం చూసేవాడు. ఎప్పుడో పగిలిపోయిన ఒక గ్రహం ముక్కల కోసం ఆయన వెతుకుతున్నాడు. దొరికింది మాత్రం ముక్క కాదు, గ్రహంగా ఎదగబోయి ఆగిపోయిన ఒక పిండం. దానికి వెస్టా అని పేరు పెట్టింది గణిత మేధావి గౌస్.

వెస్టా సగటు వెడల్పు సుమారు 525 కి.మీ. తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 5 గంటల 20 నిమిషాలే. గ్రహశకలాల పట్టీలో అన్నిటికన్నా పెద్దదైన సెరీస్ దీనికన్నా చాలా పెద్దదైనా, వెస్టాయే ఎక్కువ మెరుస్తుంది. ఎందుకంటే పడిన వెలుతురులో 40 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. మన చంద్రుడు పంపేది 12 శాతమే. 2011 జులై నుంచి 2012 సెప్టెంబరు దాకా నాసా పంపిన డాన్ అంతరిక్ష నౌక దీని చుట్టూ తిరిగింది. దక్షిణ ధ్రువం దగ్గర, ఎప్పుడో ఇంకో రాయి ఢీకొని పడిన రియాసిల్వియా అనే గుంటను దగ్గర నుంచి కొలిచింది. ఆ గుంట వెడల్పే 500 కి.మీ., నడుమ శిఖరం ఎవరెస్టుకు రెండింతలు.

అలాంటి దెబ్బలకు లేచిన రాళ్లు భూమి మీద కూడా పడ్డాయి. వాటిలో ఒకటి 1996లో రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో పడింది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు ఆ రాయిలో అల్యూమినియం-26 (విచ్ఛిన్నమవుతూ వేడి పుట్టించే ఒక రకం అల్యూమినియం) ఒకప్పుడు ఉండేదనడానికి ఆనవాళ్లు పట్టుకున్నారు. చిన్న గ్రహశకలాలు కూడా లోపల కరిగి, ఇనుము అడుక్కి చేరి, లావా పైకి పొంగిందంటే దాని వేడి వల్లేనని అంటారు. ఈ సంగతి చెప్పాక మా అమ్మాయి బైనాక్యులర్ మళ్లీ లాక్కుంది.

వెస్టా పదహారు, పదిహేడు నెలలకోసారి ఇలా ఎదురుగా వస్తుంది. తర్వాతిది 2026 అక్టోబరులో. అప్పటికి కొనాలనుకుంటే ఎండాకాలంలోనే కొని, ముందు చంద్రుడి మీద, కృత్తికల మీద చెయ్యి అలవాటు చేసుకోండి. పగలు మాత్రం పిల్లల చేతికివ్వకండి, సూర్యుడి వైపు తిప్పితే చూపు పోతుంది.