హెల్త్ ఇన్సూరెన్స్‌కు పెంచిన సబ్సిడీ పోయింది: బ్రాంజా, సిల్వరా, గోల్డా? అమెరికాలో మనవాళ్లకు ఏది మేలు?

డిసెంబరులో ఒక రాత్రి ప్లేనో నుంచి అక్క ఫోన్ చేసింది. "కొత్త ఏడాదికి ప్రీమియం రెట్టింపు చూపిస్తోందే. లెక్క తప్పు పడిందేమో, నువ్వొకసారి చూడు" అంది. అక్క ఇంట్లోనే డేకేర్ నడుపుతుంది. బావ రియల్టర్. ఇద్దరికీ కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, ఏటా ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్‌లోనే కొనుక్కుంటారు. ఇద్దరు పిల్లలు. అక్కకు షుగర్, బావకు మోకాలి నొప్పి.

లెక్క తప్పు పడలేదు. కరోనా రోజుల్లో, 2021 మార్చిలో పెంచిన సబ్సిడీని 2022లో ఇంకో చట్టంతో 2025 చివరి దాకా పొడిగించారు. ఆ ఏళ్లలో ఎంత సంపాదించేవాళ్లయినా సరే, వాళ్ల ప్రాంతంలో సబ్సిడీ లెక్కకు కొలతగా తీసుకునే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్ ధర ఆదాయంలో 8.5 శాతం దాటితే, పైదంతా ప్రభుత్వం కట్టేది. దాన్ని కొనసాగించాలా వద్దా అన్న గొడవలో 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వ ఆఫీసులే మూతపడ్డాయి. అయినా పొడిగింపు రాలేదు, డిసెంబరు 31తో గడువు తీరిపోయింది. సబ్సిడీ అందుకునేవాళ్లు 2025లో ఏడాదికి సగటున 888 డాలర్లు కడితే 2026లో అది 1,904 అవుతుందని కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ లెక్క కట్టింది. ఇది దాదాపు 2 కోట్ల 20 లక్షల మంది ఇంటి బడ్జెట్ సంగతి.

అక్క మొదటి ప్రశ్న "బ్రాంజ్ తీసుకోనా, గోల్డ్ తీసుకోనా?" అని. బ్రాంజ్‌లో ప్రీమియం తక్కువ, వైద్యం వేళ మన ఖర్చు ఎక్కువ. గోల్డ్ దానికి ఉల్టా, సిల్వర్ మధ్యది. నేను మాత్రం ముందు బావ ఆదాయం, తన ఆదాయం కలిపి చెప్పమన్నాను. ఎందుకంటే 2026 నుంచి పాత గీత మళ్లీ వచ్చింది. పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటిన ఆదాయానికి ఒక్క డాలర్ సబ్సిడీ కూడా రాదు. 2026 ప్లాన్లకు ఆ గీత ఒంటరివాళ్లకు 62,600 డాలర్లు, ఇద్దరికి 84,600, నలుగురికి 1,28,600. గీత లోపల పై అంచున ఉన్నవాళ్లు బెంచ్‌మార్క్ ప్లాన్‌కు ఆదాయంలో 9.96 శాతం కడితే చాలు. దాటితే పూర్తి ధర.

ఇదెంత ఘోరమో కేఎఫ్‌ఎఫ్ ఇచ్చిన ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. అరవై ఏళ్ల దంపతులు, ఆదాయం 85,000. గీత దాటింది 400 డాలర్లే. వాళ్లకు ఏడాది ప్రీమియం 22,600 డాలర్లకు పైగా పెరుగుతుంది. అదే దంపతులు సంపాదనలో ఉండి, అందులోంచి ఒక 500 డాలర్లు ట్రెడిషనల్ ఐఆర్‌ఏ అనే రిటైర్‌మెంట్ ఖాతాలో వేసుకుంటే గీత లోపలికి వచ్చేస్తారు. అప్పుడు బెంచ్‌మార్క్ ప్లాన్‌కు వాళ్ల వంతు సుమారు 8,400. ఇరవై వేల తేడా రంగు చూసి ప్లాన్ ఎంచుకుంటే వచ్చేది కాదు.

అందుకే గీతకు దగ్గర్లో ఉన్న కుటుంబానికి నా ఓటు బ్రాంజ్‌కే. ఇది నిరుటి దాకా నేను చెప్పే మాట కాదు. 2025 జులైలో వచ్చిన పెద్ద చట్టంతో 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుల కోసం ట్యాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) అర్హత వచ్చింది. కుటుంబం మొత్తానికి ఆ ఖాతాలో ఏడాదికి 8,750 డాలర్లు, ఒక్కరే అయితే 4,400 వేసుకోవచ్చు. వేసినంతా ఆదాయంలోంచి తగ్గుతుంది. మందులకీ డాక్టర్‌కీ అందులోంచి తీస్తే ట్యాక్స్ లేదు. అక్కా బావల ఆదాయం 1,36,000. అంటే గీతకు 7,400 పైన. హెచ్‌ఎస్‌ఏ నిండుగా వేస్తే 1,27,250కి దిగుతుంది. గోల్డ్ తీసుకుంటే సాధారణంగా ఈ హెచ్‌ఎస్‌ఏ దారి ఉండదు. ఆదాయం గీత పైనే ఉండిపోతుంది, సబ్సిడీ పోతుంది. పైకి బ్రాంజ్ తక్కువ రకంలా కనిపిస్తుంది గానీ వీళ్ల విషయంలో సబ్సిడీ తలుపు తెరిచే తాళం అదే. సొంత పని చేసుకునేవాళ్లకు ఐఆర్‌ఏ, సోలో 401కే లాంటి రిటైర్‌మెంట్ ఖాతాలు కూడా ఇలాగే పనికొస్తాయి. కట్టే ప్రీమియాన్నే ఆదాయంలోంచి తీసేసుకునే వెసులుబాటు కూడా ఉంది, కాకపోతే ఆ లెక్క చుట్టు తిరిగి మళ్లీ సబ్సిడీ లెక్కలోకే వస్తుంది. అది ట్యాక్స్ లెక్కలు చూసే సీపీఏ చేత వేయించుకోండి.

ఇక్కడ ఒక భయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సబ్సిడీని నెలనెలా ముందే వాడుకుని, ఏడాది చివర ఆదాయం గీత దాటితే, వాడుకున్నదంతా ట్యాక్స్ రిటర్న్‌లో వెనక్కి కట్టాలి. గీత లోపలివాళ్లకు కూడా ఇంతకుముందున్న తిరిగి కట్టే పరిమితులు 2026 నుంచి తీసేశారు. బావకు డిసెంబరు 28న ఒక ఇల్లు క్లోజ్ అయి కమీషన్ వచ్చిందనుకోండి, ఏడాదంతా కాపాడుకున్న లెక్క ఆ ఒక్క చెక్కుతో తలకిందులవుతుంది. ఊపిరి పీల్చుకునే చోటు ఒకటే. 2026 ఏడాదికి ఐఆర్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ డబ్బును 2027 ఏప్రిల్ 15 దాకా వేసుకోవచ్చు. ఆ గడువు కోసం కొంత డబ్బు పక్కన ఉంచుకోమని బావకు గట్టిగా చెప్పాను.

మరి గోల్డ్ ఎవరికి? ఎంత తగ్గించినా గీత కిందికి రాని కుటుంబం, ఇంట్లో ఎవరికో ఏడాది పొడుగునా మందులూ టెస్టులూ ఉన్న కుటుంబం అయితే ఆలోచించాలి. బ్రాంజ్‌లో డిడక్టిబుల్, అంటే ప్లాన్ డబ్బివ్వడం మొదలుపెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు, సగటున ఏడు వేలు దాటుతుంది, గోల్డ్‌లో పదిహేను వందల చుట్టూ ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. బ్రాంజ్ కంటే గోల్డ్ నెలకు 200 ఎక్కువ, అంటే ఏడాదికి 2,400 అనుకోండి. ఇంట్లో ఒకరి వైద్యానికి ఏడాదికి 6,000 అవుతుందనుకోండి. బ్రాంజ్‌లో ఆ ఆరు వేలూ మన జేబులోంచే. గోల్డ్‌లో 1,500 డిడక్టిబుల్, మిగతా 4,500లో పావు వంతు మనది అనుకుంటే 1,125, మొత్తం 2,625. దానికి 2,400 కలిపినా 5,025. దాదాపు వెయ్యి డాలర్లు గోల్డ్ వైపే మొగ్గు. అదే ఆ తేడా నెలకు 450 అయితే లెక్క తిరగబడి బ్రాంజ్ గెలుస్తుంది. కాబట్టి గోల్డ్ మంచిదా అని ఎవరినీ అడగక్కర్లేదు. రెండిటి మధ్య నెల తేడాను పన్నెండుతో గుణించి, నిరుడు మీ వైద్యం ఖర్చు కాయితాల పక్కన పెట్టుకోండి.

పెద్ద ఆపరేషన్ వచ్చిన ఏడాదికి ఏ ప్లాన్ అయినా ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. 2026లో నెట్‌వర్క్‌లోని వైద్యానికి అది మనిషికి 10,600, కుటుంబానికి 21,200 మించకూడదు. బ్రాంజ్ తీసుకునేవాళ్లు ఆ 10,600 ఎక్కణ్నుంచి తేగలరో ముందే ఆలోచించుకోవాలి. ఆ సొమ్ము దొరికే దారి లేని ఇంట్లో చవక ప్రీమియం ఆస్పత్రి బిల్లు వచ్చే రోజు దాకానే చవక.

సిల్వర్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఆదాయం పేదరిక రేఖకు రెండు రెట్ల లోపు ఉంటే, అంటే నలుగురి కుటుంబానికి 64,300 లోపు, కళ్లు మూసుకుని సిల్వర్ తీసుకోండి. ఆ ఆదాయంలో సిల్వర్‌కు మాత్రమే అదనపు రాయితీ ఉంటుంది. డిడక్టిబుల్ బాగా తగ్గి, ప్లాన్ నూటికి 87 నుంచి 94 వంతుల దాకా భరిస్తుంది. గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో పనిచేస్తూ నెట్టుకొచ్చే మనవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియక, సున్నా ప్రీమియం చూసి బ్రాంజ్ ఎక్కేస్తున్నారు. రెండున్నర రెట్ల దాకా కూడా కొంచెం రాయితీ ఉంది గానీ అది పేరుకే. ఆ పైన ఉన్నవాళ్లకు సిల్వర్‌తో పెద్ద పని లేదు. ఆ రాయితీకి కేంద్రం ఇచ్చే డబ్బు 2017లో ఆగిపోయాక కంపెనీలు ఆ భారాన్ని సిల్వర్ ధర మీదే వేశాయి. టెక్సస్‌లో అయితే సిల్వర్ కంటే గోల్డ్ చవకగా దొరికే ప్లాన్లు కూడా ఉంటాయి. ధర చూడకుండా "మధ్యరకం కదా" అని సిల్వర్ నొక్కడం డబ్బు పారేసుకోవడమే.

తీసుకోకూడనివి కూడా ఉన్నాయి. షార్ట్‌టర్మ్ ప్లాన్లు పాత జబ్బులకు డబ్బివ్వవు, షుగర్ ఉందంటే అసలు తీసుకోకపోవచ్చు. హెల్త్ షేరింగ్ పేరుతో అమ్మేవి ఇన్సూరెన్సే కాదు, బిల్లు చెల్లించి తీరాలన్న చట్టం వాటికి లేదు. ఇక "ఏమీ వద్దు, పెద్ద జబ్బు వస్తే హైదరాబాద్ వెళ్లి చేయించుకుందాం" అనే మాట ప్రతి పార్టీలోనూ వింటున్నాను. పన్ను కట్టించుకోవడానికీ మోకాలి ఆపరేషన్‌కీ అది కుదురుతుంది. గుండెపోటు, పగిలిన అపెండిక్స్ విమానం టికెట్ దాకా ఆగవు. దయచేసి ఆ ధీమాతో పిల్లలున్న ఇంటిని ఇన్సూరెన్స్ లేకుండా వదలకండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో అయితే దానికి జరిమానా కూడా ఉంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి. ఇన్నాళ్లూ తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లు, ఐదేళ్లు నిండక పేదలకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ రాకపోయినా, మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ తీసుకునేవాళ్లు. 2026 నుంచి ఆ వెసులుబాటు లేదు. వాళ్ల సొంత ఆదాయం ఇద్దరికీ కలిపి కనీసం 21,150 డాలర్లు ఉండాలి. ఊళ్లో టీచరుగా రిటైరైన నాన్నకు నెలకు యాభై వేల పెన్షన్ వస్తే అది ఏడాదికి ఏడు వేల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. పోనీ కొడుకో కూతురో రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే పిల్లల జీతమే లెక్కలోకి వస్తుంది. ఆరుగురి కుటుంబానికి గీత 1,72,600. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే అది దాటిపోతుంది. రెండు తలుపులూ మూసుకున్నట్టే. మిగిలింది పూర్తి ధర పెట్టి ప్లాన్ కొనడం, లేదా విజిటర్ ఇన్సూరెన్స్. బీపీ, షుగర్, స్టెంట్ ఉన్నవాళ్లకు విజిటర్ ప్లాన్ నమ్ముకోదగింది కాదు, పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే కొంత ఇస్తుంది, అంతే. ఏడాదంతా ఇక్కడే ఉండేవాళ్లయితే పూర్తి ధర పెట్టయినా మార్కెట్‌ప్లేస్‌లోనే కొనాలని నా అభిప్రాయం. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉండేవాళ్లు ఇండియాలోని హెల్త్ పాలసీని ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. ఆపితే పాత జబ్బులకు మళ్లీ మొదటి నుంచి మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అరవై అయిదు దాటి, ఇక్కడ వరుసగా ఐదేళ్లు ఉన్న పెద్దలు మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. ఇక్కడ ఉద్యోగం చేయనివాళ్లకు 2026లో ఆస్పత్రి ఖర్చుల పార్ట్ ఏ నెలకు 565, డాక్టర్ ఖర్చుల పార్ట్ బీ 202.90 డాలర్లు, ఒక్కొక్కరికీ.

హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ ముందుంది. 2027 నుంచి వాళ్లకు సబ్సిడీయే రాదు. గ్రీన్ కార్డ్ లాంటి కొన్ని హోదాలకే ఉంటుంది. ఉద్యోగం పోయి మార్కెట్‌ప్లేస్‌కు వచ్చే హెచ్1బీ కుటుంబం అప్పటి నుంచి పూర్తి ధరనూ కోబ్రానూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. కోబ్రాలో పాత కంపెనీ ప్లానే ఉంటుంది, కానీ కంపెనీ వంతుతో సహా 102 శాతం మనమే కట్టాలి. ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంది, ఎంచుకుంటే కోబ్రా ప్లాన్ కట్టిన రోజు నుంచి కాకుండా ఇన్సూరెన్స్ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. ఆ 60 రోజుల్లో జబ్బు వస్తే కట్టి, రాకపోతే వదిలేసే వీలుంది. అయితే మార్కెట్‌ప్లేస్‌కు కూడా 60 రోజులే, ఆ తేదీ మాత్రం దాటనివ్వకండి.

అక్క చివరికి బ్రాంజ్ తీసుకుంది. నెలకు 729 డాలర్లు హెచ్‌ఎస్‌ఏలో పడేలా పెట్టారు. తన షుగర్ మందులూ ఆరు నెలలకోసారి టెస్టులూ అందులోంచే వెళ్తాయి. ఏడాదికోసారి చేయించే చెకప్, మామోగ్రామ్, పిల్లల టీకాలు ఎలాగూ ప్లాన్‌లో ఉచితమే. బావ మోకాలు ఈ ఏడాది ఆపరేషన్ దాకా వెళ్తే మాత్రం ఆ ఖాతా చాలదు. అందుకని అతను నవంబరులో మళ్లీ గోల్డ్ ధర చూస్తానన్నాడు. టెక్సస్‌లో 2027 ప్లాన్లకు గడువు జనవరి దాకా ఉండదు, డిసెంబరు 15నే ముగుస్తుంది. అది క్యాలెండర్‌లో ఇప్పుడే రాసి పెట్టమన్నాను.