పాత మిడి కంట్రోలర్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

"ఏ ప్లగిన్ అయినా దానంతటదే మ్యాప్ అయిపోతుంది" అన్న మాట నమ్మి సెకండ్ హ్యాండ్ మిడి కంట్రోలర్ (కంప్యూటర్‌లోని పాటల సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపే పెట్టె) కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ప్లగిన్ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రామ్, మ్యాప్ అవడం అంటే ఏ నాబ్ దేన్ని తిప్పాలో జత కుదరడం. నాకు జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నా.

హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 9,500 పెట్టి ఎనిమిది నాబ్‌లు (తిప్పేవి), ఎనిమిది ఫేడర్లు (పైకీ కిందకీ జరిపేవి) ఉన్నది తీసుకున్నా. మోజావే అనే పాత సిస్టమ్ ఉన్న నా మ్యాక్‌లో నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఈక్యూ (బేస్, ట్రెబుల్ సరిచేసే ప్లగిన్) తెరిస్తే నాబ్‌లన్నీ ఈక్యూకి, రివర్బ్ (గది మోత ఇచ్చేది) తెరిస్తే రివర్బ్‌కి. చేత్తో తిప్పుతూ మిక్స్ చేయడం అలవాటైతే మళ్లీ మౌస్ పట్టుకోబుద్ధి కాదు.

కానీ ఆ పనితనం కంట్రోలర్‌ది కాదు. కంపెనీ ఇచ్చిన మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌ది. అది మన ప్రతి ప్లగిన్‌కీ ఒక తొడుగు తొడిగి, వేరే పేరుతో క్యూబేస్‌కి, అంటే నేను పాటలు మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్‌కి, చూపిస్తుంది. ట్రాక్ మీద మనం వేసేది ఆ తొడుగునే, ప్రాజెక్ట్‌లో సేవ్ అయ్యేదీ దాని పేరే. అమ్మినాయన ఈ సంగతి చెప్పలేదు.

తర్వాత మదర్‌బోర్డ్ పోయి కొత్త మ్యాక్ కొన్నా. ఆ మ్యాపింగ్ ప్రోగ్రామ్ 32 బిట్‌ది. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌లు నడవవు. కంపెనీకి రాస్తే సపోర్ట్ ఆపేశామని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. సంక్రాంతికి ఇవ్వాల్సిన జానపద పాట తెరిచి చూస్తే డప్పు మీద కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులు సర్దేది) లేదు, గొంతు మీద ఈక్యూ లేదు. ప్లగిన్‌లు దొరకలేదంటూ పదకొండు పేర్లు. ప్లే నొక్కితే పచ్చి రికార్డింగ్ వినిపించింది. మూడు వారాల పని అది. ఆ క్షణంలో చేతులు వణికాయి.

అందుకే కొనే ముందు లాప్‌టాప్ పట్టుకెళ్లండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఏదీ వేయకుండా యూఎస్‌బీ పెట్టి, విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ (కంట్రోలర్ పంపే సంకేతాలను చూపే ప్రోగ్రామ్‌లు) తెరిచి ఒక్కో నాబ్ తిప్పండి. సీసీ నంబర్ (ఏ నాబ్ అని చెప్పేది), పక్కన 0 నుంచి 127 దాకా అంకెలు కదలాలి. అలా వస్తే ఏ కంపెనీ మూతపడినా మీ కంట్రోలర్ బతికే ఉంటుంది. క్యూబేస్ 12 నుంచి, అంటే 2022 నుంచి, నాబ్‌ని ప్లగిన్‌కి జత చేసే ఏర్పాటు మిడి రిమోట్ అని లోపలే ఉంది. క్యూబేస్ లాంటివే అయిన రీపర్‌లో లెర్న్, ఎఫ్ఎల్ స్టూడియోలో లింక్ టు కంట్రోలర్ ఉన్నాయి. వీటిలో ప్లగిన్ జోలికి ఎవరూ పోరు, మ్యాపింగ్ మాత్రమే విడిగా ఉంటుంది.

అక్కడే ఇంకొకటి చూడండి. చెయ్యి తీసేసి ఊరికే కూర్చోండి. ఎవరూ ముట్టుకోకుండానే 63, 64, 63 అని అంకెలు ఆడుతుంటే ఆ నాబ్ అరిగిపోయినట్టే. ఆటోమేషన్ రాసేటప్పుడు, అంటే నాబ్ కదలికలు రికార్డ్ చేసేటప్పుడు, చెత్తంతా ఎక్కిస్తుంది. నాబ్ పూర్తిగా తిరిగేదా, ఒకచోట ఆగేదా అన్నదీ అడగండి. ఆగేదైతే ప్లగిన్ మార్చి నాబ్ ముట్టుకోగానే విలువ ఎగిరి దూకుతుంది, పికప్ మోడ్ (నాబ్ పాత విలువ దగ్గరికి చేరాకే పట్టుకునేది) పెట్టుకోవాలి.

127 మెట్లు సరిపోతాయా అంటే, ఈక్యూ గెయిన్‌కి హాయిగా సరిపోతాయి. ఫిల్టర్‌కి (కింది లేదా పై శబ్దాలు కోసేసేది) మాత్రం 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా పది ఆక్టేవులు, అంటే మెట్టుకి దాదాపు ఒక సెమీటోన్ (ఆక్టేవులో పన్నెండో వంతు). రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట శబ్దాన్ని ఎత్తి చూపేది) పెంచి నెమ్మదిగా తిప్పితే కొన్ని ప్లగిన్‌లలో ఆ మెట్లు చెవికి తెలిసిపోతాయి.

ఇప్పటికే ఇందులో ఇరుక్కున్నవాళ్లు ఆ ప్రాజెక్ట్‌ని కొత్త సిస్టమ్‌లో సేవ్ చేయకండి. మూసేసి ముందు కాపీ తీసి పెట్టండి. మోజావే, పాత క్యూబేస్ ఉన్న ఒక మిత్రుడి దగ్గరికెళ్లి, నా పెన్ డ్రైవ్‌లో మిగిలిన ఆ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ వేసి పాట తెరిచా. ఒక్కో ప్లగిన్ విలువలు ఫోన్‌లో ఫోటో తీసుకుని, తొడుగు తీసేసి, అసలు ప్లగిన్ వేసి ఆ అంకెలే మళ్లీ పెట్టా. పదకొండింటికి రెండు రాత్రులు పట్టింది. ఆ ఇన్‌స్టాలర్ మీ దగ్గరుంటే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ డిలీట్ చేయకండి.