కాస్కో సీనెరా నెక్స్ట్: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళ మొదటి కారు సీటు

పిల్లలతో అమెరికాలో దిగిన కుటుంబానికి ఇల్లు, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు కంటే ముందే కావలసిన వస్తువు ఒకటుంది. ఎయిర్‌పోర్టు నుంచి కారులో బయల్దేరాలంటేనే పిల్లలకి కారు సీటు, అంటే పట్టీలతో కట్టి కూర్చోబెట్టే పిల్లల సీటు, ఉండాలి. పురుడు అక్కడే పోసుకుంటే, సీటు లేకుండా బిడ్డని కారులో ఇంటికి పంపడానికి చాలాచోట్ల ఆసుపత్రివాళ్ళు ఒప్పుకోరు. చట్టం రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో 8 ఏళ్ళలోపు పిల్లలకి, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, సీటు తప్పనిసరి. కాలిఫోర్నియాలో రెండేళ్ళు నిండేవరకు, 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో వస్తే తప్ప, వెనక్కి తిప్పే, అంటే బిడ్డ ముఖం కారు వెనకవైపు ఉండేలా, కూర్చోబెట్టాలి.

కాస్కో (Cosco) కంపెనీ సీనెరా నెక్స్ట్ అలాంటి సీటే, వాల్‌మార్ట్‌లో సుమారు 50 డాలర్లకి దొరుకుతూ వచ్చింది. ముందొచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది "చవకరకం, మూడొందలు పెట్టి మంచిది కొనండి" అంటారు. ఆ మాట నమ్మి మొదటి జీతం రాకుండానే క్రెడిట్ కార్డు గీకక్కర్లేదు. అమెరికాలో అమ్మే ప్రతి సీటూ గంటకి 30 మైళ్ళ వేగంతో ఎదురుగా గుద్దుకునే ఒకే ఫెడరల్ పరీక్ష నెగ్గాలి. ఎక్కువ డబ్బుతో వచ్చేది మెత్తదనం, బిగించడంలో సుళువు, ఎక్కువ ఏళ్ళ వాడకం. బిడ్డ ప్రాణం మాత్రం సీటుని ఎంత సరిగ్గా బిగించామన్నదాని మీద ఉంటుంది. ఈ సీటు ఆ పని మనచేత కొంచెం కష్టపడి చేయిస్తుంది.

వెనక్కి తిప్పి 5 నుంచి 40 పౌండ్లు, 19 నుంచి 40 అంగుళాల వరకు వాడొచ్చు. ముందుకి తిప్పితే 22 నుంచి 40 పౌండ్లు, 29 నుంచి 43 అంగుళాలు. ఈ లెక్కలో అసలు విషయం దాగుంది. రెండువైపులా బరువు హద్దు 40 పౌండ్లే, అంటే దాదాపు 18 కిలోలు. కాబట్టి ముందుకి తిప్పినా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. దీన్ని వెనక్కి తిప్పే సీటుగానే కొనుక్కోండి. తల పైభాగం సీటు అంచుకి అంగుళం దూరంలోకి వచ్చేదాకా అలాగే ఉంచండి. "కాళ్ళు ముడుచుకుపోతున్నాయి పాపం" అని అమ్మమ్మలు, నానమ్మలు బాధపడతారు. కాళ్ళు మడిచి కూర్చోవడం పిల్లలకి ఇబ్బంది కాదు. కారు ఎదురుగా గుద్దుకున్నప్పుడు మెడనీ వెన్నునీ కాసేది సీటు వీపే.

ఇక బిగింపు. ముందు సీట్లో, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా, వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. వెనక సీట్లో బిగించేముందు కారుని సమంగా ఉన్న నేలమీద ఆపండి. సీటు పక్కన ఒక గీత ఉంటుంది, అది నేలకి సమాంతరంగా రావాలి. చాలా కార్ల సీట్లు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ఇది నిటారుగా నిలబడిపోతుంది. అప్పుడు పసిబిడ్డ గడ్డం గుండెకి ఆనుకుని ఊపిరి అందకపోవచ్చు. దీనికి కంపెనీయే ఒప్పుకునే ఉపాయం ఉంది. తువ్వాలుని గట్టిగా చుట్టి, కారు వెనక సీటు వీపు, అడుగు కలిసే సందులో పెట్టండి. డాలర్ దుకాణంలో దొరికే, ఈతకొలనులో వాడే నురుగు గొట్టాన్ని కోసి పెట్టినా సరిపోతుంది.

కారు బెల్టుతో బిగిస్తే, సీటుని వెనక్కి తిప్పినప్పుడు వాడాల్సిన దారిలోంచే బెల్టుని దూర్చి బకిల్ పెట్టండి. తర్వాత భుజం బెల్టుని చివరిదాకా పూర్తిగా బయటికి లాగి వదలాలి. లోపలికి వెళ్ళేటప్పుడు టకటకమని చప్పుడొస్తే లాక్ పడినట్టు. చాలామంది మర్చిపోయేది ఈ మెట్టే. లాక్ పడకపోతే ఇవాళ బిగుతుగా ఉన్నది రేపటికి వదులవుతుంది. బెల్టు వెళ్ళే చోట ఒక చేత్తో బరువేసి నొక్కుతూ రెండో చేత్తో వదులు లాగండి. చివరికి బెల్టు దారి దగ్గరే పట్టుకుని కదపాలి, అంగుళం మించి కదలకూడదు. సీటు పైకొస పట్టుకుని ఊపి చూసి కంగారుపడొద్దు, వెనక్కి తిప్పినప్పుడు అక్కడ కదలడం మామూలే.

సీటు తేలిక, పది పౌండ్లలోపే. అందువల్ల కొన్ని కార్లలో లాక్ పడ్డ బెల్టు దాన్ని ఒక పక్కకి ఎత్తేస్తుంది. అప్పుడు బెల్టు వదిలేసి, కారు వెనక సీటు వీపు, అడుగు కలిసే చోట ఉండే కింది కొక్కేలకి తగిలించండి. రెండూ కలిపి వాడకూడదు. చాలా సెడాన్లలో మధ్య సీటుకి ఆ కొక్కేలు ఉండవు, అక్కడ బెల్టే గతి. ముందుకి తిప్పినప్పుడు మాత్రం పైపట్టీని కూడా వెనకనున్న కొక్కేనికి తగిలించాలి. సెడాన్‌లో అది తలదిండు వెనక ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది.

బిడ్డ పట్టీలు వెనక్కి తిప్పినప్పుడు భుజాల దగ్గర గానీ వాటి కిందనుంచి గానీ రావాలి. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత పడకూడదు. చలికాలంలో లావుపాటి జాకెట్ విప్పి పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. జాకెట్ మీద బిగించిన పట్టీ గుద్దుకున్నప్పుడు దూది అణగ్గానే వదులైపోతుంది. విడిగా అమ్మే తలదిండ్లు, మెడదిండ్లు ఏవీ పెట్టొద్దు.

లోపాలు లేకపోలేదు. పట్టీల ఎత్తు మార్చాలంటే సీటు మొత్తం ఊడదీసి, వెనకనున్న లోహపు పలకనుంచి పట్టీలు విప్పి, వేరే గాడిలోంచి దూర్చి మళ్ళీ తగిలించాలి. సగం తగిలించినా, మెలిపడినా ప్రమాదమే. మెత్తదనం తక్కువ. మరమరాలు, బిస్కెట్ ముక్కలు బకిల్‌లో పడితే బిగుసుకుపోతుంది. దానికి మిషను నూనె, కొబ్బరినూనె వేయకండి. మాన్యువల్‌లో చెప్పినట్టే శుభ్రం చేయండి. కవరు తీసి ఉతకొచ్చు, పట్టీలని మాత్రం మిషన్లో వేయకూడదు.

విమానంలో దీనికి తిరుగులేదు. ఎకానమీ సీట్లో పడుతుంది, విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాలతో లేబుల్ ఉంటుంది. సిబ్బంది అడిగితే అదే చూపించండి. ఒళ్ళో కూర్చోబెట్టుకోగల పసిబిడ్డని ఇందులో కూర్చోబెట్టాలంటే మాత్రం విడిగా టికెట్ కొనాలి. ఇండియాలో కొన్న సీటు మోసుకెళ్ళకండి. అమెరికా ఫెడరల్ ప్రమాణాలకి సరిపోతుందన్న లేబుల్ లేకపోతే అక్కడ చెల్లదు. వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికొచ్చే పాత సీట్ల గడువు, యాక్సిడెంట్ చరిత్ర రెండూ తెలిస్తే తప్ప ముట్టుకోవద్దు.

బిడ్డ 40 పౌండ్లకి దగ్గరపడగానే 65 పౌండ్ల వరకు పట్టీలు వాడగలిగే సీటుకి మారండి. టార్గెట్ దుకాణాలు మామూలుగా ఏప్రిల్, సెప్టెంబర్‌లలో పాత సీటు తీసుకుని కొత్తదానికి 20 శాతం తగ్గింపు కూపన్ ఇస్తుంటాయి. సీనెరా నెక్స్ట్‌ని మొదటిసారి బిగించాక చాలా ఊళ్ళలో ఫైర్ స్టేషన్‌లోనో పోలీసు స్టేషన్‌లోనో శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉచితంగా చూసిపెడతారు, ముందు ఫోన్ చేసి సమయం తీసుకోండి. పెట్టెలో వచ్చే రిజిస్ట్రేషన్ కార్డు కూడా నింపి పంపండి. లోపం బయటపడి కంపెనీ సీట్లు వెనక్కి పిలిస్తే ఆ కబురు మీ ఇంటికి చేరేది దానితోనే. ఇల్లు మారితే కొత్త చిరునామా కూడా తెలపండి.