నెల్లూరులో పాత కంప్యూటర్లకు కొత్త పని పెట్టే దుకాణం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11కు అవసరమైన టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రాలకు చాలా ఇళ్లలో ఇక అటకే గతి అయింది. మా ఇంట్లోని మూడో తరం కోర్ ఐ3 ల్యాప్‌టాప్‌ను, అంతకంటే పాతదైన డెస్క్‌టాప్‌ను అటక ఎక్కించే ముందు, నెల్లూరు ట్రంకు రోడ్డుకు చేరువలోని ఒక చిన్న మరమ్మతు దుకాణంలో చూపించాము.

ఏ భాగం మార్చాలో చెప్పే ముందే, ఆ యంత్రంతో ఇంట్లో ఏ పని జరగాలని దుకాణదారు అడగడం నాకు అన్నిటికంటే నచ్చింది. టీవీకి కలిపి సినిమాలు, కుటుంబ ఫొటోలు చూడాలని చెప్పగా, ల్యాప్‌టాప్‌లోని హార్డ్‌డిస్కు స్థానంలో అంతకంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అమర్చి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును కూడా సిద్ధం చేసి ఇచ్చారు. తీసిన హార్డ్‌డిస్కు యూఎస్‌బీ పెట్టెలో చేరి ఇప్పుడు ఫొటోల నకళ్లు దాచుకోవడానికి పనికొస్తున్నది. ఉబ్బిన బ్యాటరీని మాత్రం మారుమాట లేకుండా తొలగించారు. అందువల్ల కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు లేకపోతే యంత్రం ఆగిపోతుంది.

హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే సాధారణ హెచ్‌డీ వీడియోలు ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. అయితే ఈ తరం ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలోని వీడియోలను విప్పే ఏర్పాటు లేనందున, కొత్త ఫోన్లలో తీసిన 4కే వీడియోలు తడబడుతున్నాయి. ఈ సంగతి దుకాణదారు ముందే చెప్పి ఉండవలసింది.

డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు నడుస్తూ ఇంట్లోని పరికరాలన్నిటికీ ఫైళ్లు అందించే ఇంటి సర్వరుగా మార్చమని అడిగితే, పని దొరికే అవకాశాన్ని కూడా వదులుకుని ఆయనే వద్దన్నారు. అది 60 వాట్లు తీసుకుంటుందనుకున్నా రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. అదే పనికి 15 వాట్లతో నడిచే ల్యాప్‌టాప్ అయితే నెలకు 11 యూనిట్లలోపే సరిపోతుంది. వేసవిలో ఏసీ వల్ల ఇప్పటికే శ్లాబు దాటే ఇళ్లకు ఈ లెక్క చిన్నది కాదు. చివరకు డెస్క్‌టాప్‌ను పిల్లల టైపింగు సాధనకే ఉంచుకున్నాము.

లోపాలు లేకపోలేదు. చెప్పిన గడువుకు యంత్రం చేతికి రాలేదు. కొత్త భాగాల హామీ నోటిమాటగానే సాగుతున్నది కనుక, ఎస్‌ఎస్‌డీ క్రమసంఖ్యతో సహా బిల్లు రాయించుకోవడం మంచిది. మొత్తం ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే చాలా స్వల్పం. కావలి, ఒంగోలు వైపు నుంచి వచ్చేవారు తమ ఛార్జరును తప్పక వెంట తెచ్చుకోవాలి. పాత మోడళ్లకు సరిపోయే పిన్ను ఆ దుకాణంలో అన్ని వేళలా దొరకదు.